తగిలింది ఎవరు?

పోయిన నెల ఏడవ తరగతి చదివే ఒక అమ్మాయి మాకు ఉత్తరం రాసింది. ఉత్తరం అనేకంటె దాన్ని ఫిర్యాదు అంటే బాగుంటుంది. ఫిర్యాదు తమ్ముడి మీద కాదు, పంతులుగారి మీద కాదు, కంప్యూటరు మీద!

ఆ అమ్మాయి చదివే బళ్ళో స్క్రాచ్ నేర్పుతున్నారు. పిల్లలు తమంత తాముగా ఆటలూ, కదిలే బొమ్మలూ తయారుచేసుకోవటానికి అమెరికాలో ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థ వారు 2007లో విడుదల చేసిన సాధనం అది. అందులో ప్రోగ్రాము రాయటమంటే, రంగురంగుల బిళ్ళల మీద ఉన్న ఆజ్ఞలను ఒకదాని కింద ఒకటి పేర్చటమే. ఈ అమ్మాయి వేసవి సెలవుల్లో ఒక ఆట తయారుచేసింది. తెర అడుగున ఒక ఆకుపచ్చని బుట్ట ఉంటుంది. మీటలు నొక్కితే అది కుడికీ ఎడమకీ జరుగుతుంది. పైనుంచి మామిడికాయలూ, రాళ్ళూ పడుతూ ఉంటాయి. కాయ బుట్టలో పడితే ఒక పాయింటు. రాయి పడితే ఒక ప్రాణం పోతుంది. ఉన్న ప్రాణాలు మూడే.

అందరికంటె ముందు ఆట ఆడినవాడు తమ్ముడు. రెండు నిమిషాలు ఆడి లేచిపోయాడు.

"అక్కా, నీ ఆట తొండి! మామిడికాయ పట్టినా ప్రాణం పోతోంది," అన్నాడు.

అక్క నమ్మలేదు. తానే కూచుని ఆడింది. పదిహేను కాయలు సవ్యంగానే పడ్డాయి. పదహారో కాయ పడగానే పాయింటూ వచ్చింది, ప్రాణమూ పోయింది. ఆ తరవాత తమ్ముణ్ణి ఎంత బతిమాలినా వాడు మళ్ళీ ఆ ఆట ముట్టుకోలేదట. "లోకంలో ఇన్ని పనులు చేస్తుందే, కంప్యూటరుకు మామిడికాయ ఏదో రాయి ఏదో తెలియదా?" అని ఆ అమ్మాయి మమ్మల్ని అడిగింది.

తెలియదు. అది ఎందుకు తెలియదో చెప్పుకునేముందు మనమొకసారి నేల-బండ ఆడుకుందాం.

ఈ ఆట మీకు తెలిసిందే. ఒకడు దొంగ. వాడు నేల కోరుకుంటే మిగిలినవాళ్ళంతా అరుగు ఎక్కుతారు. అరుగు దిగినవాణ్ణి దొంగ అంటుకుంటే వాడు దొంగ అవుతాడు. ఇప్పుడు గమనించండి. పరిగెత్తేటప్పుడు నీ స్నేహితుడి భుజం నీకు తగిలింది, ఏమీ కాదు. గోడ తగిలింది, మోచెయ్యి గీసుకుపోతుంది గాని నువు దొంగవి కావు. నేల మీద ఉండగా దొంగ తగిలాడు; నీ పని అయిపోయింది. అదే దొంగ నువు అరుగు మీద ఉండగా చెయ్యి చాచి అంటుకున్నాడు, చెల్లదు! తగలటం అన్నిసార్లూ ఒకటే, ఫలితం మాత్రం ఏ సారికి ఆ సారి వేరు.

మనకు ఇందులో తికమక ఏమీ లేదు. ఎందుకంటే, ఎవరో తగిలారన్న సంగతీ, తగిలింది ఎవరన్న సంగతీ మనకు ఒకేసారి తెలిసిపోతాయి. యంత్రానికి అట్లా కాదు. దానికి అవి రెండు వేరువేరు ప్రశ్నలు. మొదటిదానికి జవాబు వచ్చినంత మాత్రాన రెండోదానికి జవాబు వచ్చినట్టు కాదు.

మొదటి ప్రశ్న సంగతి చూడండి. తెరను ఒక పెద్ద గళ్ళకాగితం అనుకోండి. చాలా ఆటల్లో ప్రతి బొమ్మ చుట్టూ కనిపించని చతురస్రమో దీర్ఘచతురస్రమో ఒకటి గీసి ఉంటుంది. బుట్ట ఎడమ అంచు 100వ గడి దగ్గర, కుడి అంచు 140వ గడి దగ్గర ఉన్నాయి. కాయ ఎడమ అంచు 130 దగ్గర, కుడి అంచు 146 దగ్గర ఉన్నాయి. 130 కన్న 140 పెద్దది, 100 కన్న 146 పెద్దది. అందుచేత అడ్డంగా చూస్తే ఇవి రెండూ ఒకదానిమీద ఒకటి పడ్డాయన్నమాట. నిలువుగా కూడా ఇట్లాగే లెక్క చూసి, అక్కడా అట్లాగే తేలితే, రెండూ తగిలినట్టే. నాలుగు అంకెలను నాలుగు అంకెలతో పోల్చటం తప్ప ఇందులో మరేమీ లేదు. కాగితం, పెన్సిలు ఉంటే మీరూ చెయ్యవచ్చు.

కాని వచ్చిన జవాబు ఏమిటి? "అవును" అనే ఒక్క మాట. ఆ మాటలో మామిడికాయ లేదు, రాయి లేదు. పుల్లదనమూ లేదు, దెబ్బా లేదు. ఏది ఏదో చెప్పవలసినవాడు ప్రోగ్రాము రాసేవాడే.

మరి మన అమ్మాయి ఏమి చెప్పింది? ప్రోగ్రాము పంపమని అడిగి చూశాం. బుట్టకు ఆమె ఇచ్చిన ఆజ్ఞ ఇది: "గోధుమరంగు తగిలితే ఒక ప్రాణం తీసెయ్యి." స్క్రాచ్‌లో ఒక బొమ్మ తగిలిందా అని పేరుపెట్టి అడగటానికి ఒక బిళ్ళ ఉంది, ఫలానా రంగు తగిలిందా అని అడగటానికి ఇంకొక బిళ్ళ ఉంది. ఆమె రెండోది వాడింది. ఆటలో గోధుమరంగు వస్తువు రాయి ఒక్కటే గనక ఆ ఆజ్ఞ మొదట్లో బాగానే పనిచేసింది. తరవాత మామిడికాయను ముచ్చటగా గీసింది. ముచ్చటగా ఉండాలని కాయకు తొడిమ పెట్టింది. తొడిమకు రాయికి వేసిన రంగే వేసింది! పైగా కాయ గిరగిరా తిరుగుతూ పడేట్టు చేసింది. తొడిమ పైకి ఉన్నప్పుడు కాయ బుట్టను తాకితే ఒక్క పాయింటు మాత్రం వస్తుంది. తొడిమ కిందికి తిరిగి ఉన్నప్పుడు తాకితే పాయింటూ వస్తుంది, ప్రాణమూ పోతుంది. కంప్యూటరు చెప్పింది చెప్పినట్టు చేసింది. "ఎర్రచొక్కా వాడు దొంగ" అని ఆట మొదలుపెడితే, మధ్యలో ఇంకొక ఎర్రచొక్కా వాడు వచ్చి చేరిన రోజున ఏమవుతుందో ఇక్కడా అదే అయింది.

ఈ అమ్మాయిని చూసి నవ్వకండి. తగిలింది ఎవరో తెలుసుకోవటానికి పెద్దవాళ్ళు కూడా చాలా తంటాలు పడ్డారు.

1977లో అమెరికాలో అటారీ అనే కంపెనీ, టీవీకి తగిలించి ఇంట్లో ఆడుకునే ఆటల యంత్రం ఒకటి అమ్మకానికి పెట్టింది. తరవాత దానికి అటారీ 2600 అని పేరు వచ్చింది. ఆట నడుస్తుండగా అది జ్ఞాపకం ఉంచుకోగలిగింది ఇంగ్లీషులో 128 అక్షరాలకు సరిపడేంత మాత్రమే. అంత చిన్న బుర్రతో ఎవరు ఎవరికి తగిలారో లెక్క చూస్తూ కూచుంటే ఇక ఆట సాగేదెప్పుడు? అందుచేత ఆ యంత్రం చేసినవాళ్ళు ఒక ఉపాయం పన్నారు. తెర మీద కదిలే వస్తువులు అయిదే: ఇద్దరు ఆటగాళ్ళ బొమ్మలు, రెండు తూటాలు, ఒక బంతి. వెనక ఉండే గోడలతో కలిపి ఆరు. ఆరుగురు మనుషులు ఒకచోట చేరి, ప్రతి ఒక్కరూ మిగిలిన అందరితోనూ ఒక్కొక్కసారి చెయ్యి కలిపితే మొత్తం ఎన్నిసార్లు కలుపుతారు? 5, 4, 3, 2, 1 కలిపితే 15. ఆ యంత్రంలో సరిగ్గా 15 చిన్న గుర్తులు ఉండేవి, జంటకు ఒకటి. బొమ్మను తెర మీద గీసేటప్పుడే, మొదటి ఆటగాడూ రెండో తూటా ఒకేచోట పడితే, ఆ జంట గుర్తు దానంతట అదే లేచి నిలబడేది. ప్రోగ్రాము వెళ్ళి ఏ గుర్తు లేచిందో చూసుకుంటే చాలు. తగిలారన్న సంగతీ తెలుస్తుంది, ఎవరు ఎవరికి తగిలారో కూడా తెలుస్తుంది.

అయిదేళ్ళ తరవాత, 1982లో, కమొడోర్ 64 అనే కంప్యూటరు వచ్చింది. అది అటారీకంటె ఎన్నో రెట్లు శక్తి గలది. దానిలో కదిలే బొమ్మలు ఎనిమిది. ఎనిమిదింటికి జంటలు 28 అవుతాయి. అయితే దీనిలో బొమ్మలు ఒకదానికొకటి తగలటానికి 28 గుర్తులు పెట్టలేదు, బొమ్మకు ఒకటి చొప్పున ఎనిమిదే పెట్టారు. 1, 2, 5, 6 గుర్తులు లేచాయనుకోండి. ఒకటోది రెండోదానికి తగిలిందా, అయిదోదానికి తగిలిందా? ఆ గుర్తులు చూసి చెప్పలేం. పంతులుగారు గదిలోకి వచ్చేసరికి నలుగురి చొక్కాలు చిరిగి ఉన్నాయి. ఎవరు ఎవరితో కలియబడ్డారో మాత్రం ఎవరూ చెప్పరు! పైగా ఆ గుర్తులను ఒకసారి చదివితే అవి చెరిగిపోతాయి. రెండోసారి చూద్దామంటే ఉండవు. అందుకని, గుర్తులు లేచాయని తెలిశాక ఏ బొమ్మ ఎక్కడ ఉందో మళ్ళీ అంకెలతో సరిచూసుకోవలసి వచ్చేది. మాకు అడిగితే, ఈ విషయంలో ముసలి అటారీయే నయం.

ఈ రెండు యంత్రాలకూ మధ్య, 1980లో, జపానులో నమ్‌కో కంపెనీ పాక్‌మాన్ అనే ఆట విడుదల చేసింది. దాన్ని రూపొందించినవాడు తోరు ఇవతాని. జపానులో మొదట దాని పేరు పక్‌మాన్. గుండ్రటి పసుపుపచ్చని ముఖం, అందులో నోరు తప్ప ఇంకేమీ ఉండదు. అది సందుగొందుల్లో తిరుగుతూ చుక్కలను మింగుతుంది. నాలుగు దయ్యాలు దాన్ని తరుముతాయి. ఈ ఆటను మీ అమ్మానాన్నలు ఆడే ఉంటారు, అడిగి చూడండి.

తగిలింది ఎవరనే ప్రశ్న ఎంత చిక్కుగా ఉండగలదో ఈ ఒక్క ఆటలో చూడవచ్చు. పాక్‌మాన్‌కు గోడ తగిలితే ఆగిపోతాడు. చిన్న చుక్క తగిలితే దాన్ని తిని 10 పాయింట్లు సంపాదిస్తాడు. నాలుగు మూలలా ఉన్న పెద్ద చుక్కలయితే ఒక్కొక్కదానికి 50. దయ్యాలకు కూడా ఆ చుక్కలు తగులుతూనే ఉంటాయి, కాని అవి తినవు, దాటిపోతాయి. దయ్యం దయ్యానికి తగిలితే ఏమీ కాదు, ఒకదానిలోనుంచి ఒకటి వెళ్ళిపోతాయి. మధ్యన ఉన్న దయ్యాల ఇంటికి ఒక తలుపు ఉంది. అది దయ్యాలకు తలుపు, పాక్‌మాన్‌కు మాత్రం గోడ!

ఇక దయ్యం తగిలితే? పాక్‌మాన్ చస్తాడు. అయితే పెద్ద చుక్క తిన్న కొద్దిసేపు దయ్యాలు నీలంగా మారి పారిపోతాయి. అప్పుడు అదే దయ్యం తగిలితే చచ్చేది దయ్యం. మొదటి దయ్యానికి 200 పాయింట్లు, వరసగా తింటే రెండోదానికి 400, తరవాత 800, తరవాత 1600. తిన్న దయ్యానికి రెండు కళ్ళు మాత్రం మిగిలి ఇంటికి పోతూ ఉంటాయి. ఆ కళ్ళు దారిలో పాక్‌మాన్‌కు తగిలినా ఏమీ కాదు. ఒకే దయ్యం, ఒకే తగలటం, మూడు ఫలితాలు. అంటే తగిలింది ఎవరని అడిగితే చాలదు. ఇప్పుడు వాడు ఏ స్థితిలో ఉన్నాడు అని కూడా అడగాలి. నేల-బండలో నువు అరుగు మీద ఉన్నావా, నేల మీద ఉన్నావా అని చూసినట్టే.

మరొక తమాషా. పాక్‌మాన్ ఆటలో తగలటాన్ని గడులతో చూస్తారు. దయ్యమూ పాక్‌మానూ ఒకే గడిలో ఉంటే తగిలినట్టు. ఎదురెదురుగా వస్తున్న ఇద్దరూ సరిగ్గా ఒకే క్షణంలో గడులు మార్చుకున్నారనుకోండి. ఇందాక అతను ఆ గడిలో, ఇది ఈ గడిలో. ఇప్పుడు అతను ఈ గడిలో, ఇది ఆ గడిలో. ఒకే గడిలో ఇద్దరూ ఎప్పుడూ లేరు! అప్పుడు పాక్‌మాన్ దయ్యంలోనుంచి దూరి బతికి బయటపడతాడు. చాలా అరుదుగా జరుగుతుంది గాని, నిజంగానే జరుగుతుంది. ఎవరన్న ప్రశ్న ఎంత చక్కగా రాసుకున్నా, తగిలారా అన్న ప్రశ్నకే జవాబు రాకపోతే అది అక్కరకు రాదు.

ఇప్పుడు మన అమ్మాయి ఆటకు తిరిగి వద్దాం. రంగు చూసి పోల్చటం మాని, ప్రతి బొమ్మనూ పేరుపెట్టి అడగాలి. ఇది మొదటి మార్పు. పేర్లతో కూడా ఒక జాగ్రత్త ఉంది. స్క్రాచ్ అయితే పేర్ల పట్టీ చూపిస్తుంది, అందులోనుంచి ఎంచుకోవటమే. ముందు ముందు మీరు పెద్ద భాషల్లో ప్రోగ్రాములు రాసేటప్పుడు పేరు మీరే రాయాలి. ఒకచోట "మామిడి" అనీ, ఇంకొకచోట "మామిడికాయ" అనీ రాస్తే, అవి రెండూ ఒకటేనని మన అమ్మమ్మకు తెలుస్తుంది గాని కంప్యూటరుకు తెలియదు. ఇంగ్లీషులో అయితే మొదటి అక్షరం ఒకచోట పెద్దది, ఒకచోట చిన్నది పడినా చాలు, తప్పు ఎక్కడుందో తెలియక రాత్రి అన్నం మానేసి వెతుకుతారు.

రెండో మార్పు ఇంతకంటె ముఖ్యమైనది. ప్రాణం తీసే ఆజ్ఞ బుట్ట దగ్గర ఉంది. నాకు తగిలింది రాయా, కాయా, రేపు గబ్బిలం చేరిస్తే గబ్బిలమా, అని అన్ని ప్రశ్నలూ బుట్టే వేసుకోవాలి. కొత్త వస్తువు వచ్చినప్పుడల్లా బుట్ట ప్రోగ్రాము విప్పి, ఇంకొక "అయితే" చేర్చాలి. ఒకటి మరిచిపోతే ఆట తొండి అవుతుంది. అట్లా కాకుండా, ఆ ఆజ్ఞను రాయి దగ్గరే పెట్టి, "నువు బుట్టకు తగిలితే ఒక ప్రాణం తీసి మాయమైపో," అని రాయికే చెబితే? కాయకు, "నువు తగిలితే ఒక పాయింటు ఇచ్చి మాయమైపో," అని చెబితే? ఎవరు ఏమి చెయ్యాలో వారికే తెలుసు గనక, బుట్ట ఎవరినీ "నువ్వెవరు?" అని అడగనక్కర్లేదు. పనసకాయ వచ్చినా, గబ్బిలం వచ్చినా తమ పని తాము చూసుకుంటాయి. చిత్రమేమంటే, ఈ అమ్మాయి కాయకు ఇచ్చిన ఆజ్ఞ ఇట్లాగే సరిగ్గా ఉంది. రాయి ఆజ్ఞ ఒక్కటే పొరపాటున బుట్ట దగ్గర ఉండిపోయింది.

"మాయమైపో" అన్న మాట ఊరికే రాయలేదు. స్క్రాచ్ ఆట సెకనుకు 30 సార్లు తెరను సరిచూసుకుంటుంది. రాయి బుట్టను తాకి సెకనులో పదో వంతు సేపు అక్కడే ఉంటే, ఆ కాస్త సేపట్లో "తగిలిందా?" అన్న ప్రశ్నకు మూడుసార్లు "అవును" అని జవాబు వస్తుంది. మూడు ప్రాణాలూ ఒక్క రాయికే సరి! చాలా పాత ఆటల్లో దెబ్బ తగిలిన బొమ్మ కొద్దిసేపు మినుకు మినుకుమంటుంది. అది అందం కోసం కాదు. ఆ కాసేపూ ఎవరు తగిలినా లెక్క లేదని ఆటగాడికి చెప్పటం.

పెద్ద ఆటల్లో ఈ పద్ధతి ఒక్కటే చాలదు. పది రకాల వస్తువులుంటే జంటలు 45 అవుతాయి. ఒక రకం దానితోనే తగలటం కూడా కలిపితే 55. ఇందులో చాలా జంటలతో మనకు పనే ఉండదు. కాయ కాయకు తగిలితే మనకేమిటి? 2009లో ఫిన్లండు దేశంలో తయారైన యాంగ్రీ బర్డ్స్ అనే ఆట మీలో చాలామందికి తెలుసు. దానిలో దూలాలు కూలటం, పక్షులు దొర్లటం లెక్క చూసేది ఎరిన్ కాటో అనే ఆయన రాసిన బాక్స్ టూ డీ అనే ప్రోగ్రాము. ఆ ప్రోగ్రాములో ప్రతి వస్తువుకూ రెండు చీటీలు ఇవ్వవచ్చు. ఒక చీటీ మీద "నేను ఫలానా జాతి," అని ఉంటుంది. రెండో చీటీ మీద "నాకు ఫలానా జాతుల వాళ్ళు తగలవచ్చు," అని ఉంటుంది. రెండు వస్తువులు దగ్గరికి వచ్చినప్పుడు వీడి జాతి వాడి చీటీలోనూ, వాడి జాతి వీడి చీటీలోనూ ఉంటేనే తగిలినట్టు లెక్క. ఇద్దరిలో ఒకరు ఒప్పుకోకపోయినా, దయ్యాల మాదిరిగా ఒకరిలోనుంచి ఒకరు వెళ్ళిపోతారు. పనికిరాని జంటలన్నీ ఆ చీటీల దగ్గరే తేలిపోతాయి.

నాలుగు వస్తువులున్న ఆటకు ఇన్ని చీటీలు అవసరం లేదు. ఇంట్లో కంప్యూటరు లేనివాళ్ళు కూడా ఒక కాగితం మీద అడ్డంగా, నిలువుగా నేల-బండ ఆటలోని వాళ్ళను రాసి (దొంగ, నేల మీది వాడు, అరుగు మీది వాడు, గోడ), ప్రతి గడిలోనూ వాళ్ళిద్దరూ తగిలితే ఏమవుతుందో నింపి చూడండి. ఏ ఆటకైనా ప్రోగ్రాము రాసేముందు ఇట్లాంటి పట్టిక వేసుకుంటే సగం తగాదాలు కాగితం మీదే తీరిపోతాయి. పెద్దవాళ్ళు పక్కన కూచుంటే ఇంకా మంచిది. వాళ్ళ ఊరి నేల-బండ నియమాలు వేరుగా ఉండవచ్చు.

ఆ అమ్మాయి రంగు బిళ్ళ తీసేసి, ఆజ్ఞను రాయి దగ్గరికి మార్చింది. తొడిమ రంగు మార్చనే లేదు, మార్చవలసిన పనీ లేకపోయింది. తమ్ముడు మళ్ళీ ఆడటానికి వచ్చాడు. వచ్చి ఊరుకోలేదు, ఒక సలహా కూడా ఇచ్చాడు: బంగారు మామిడికాయ ఒకటి ఉండాలి, అది పట్టినవాడికి 5 సెకన్లపాటు రాయి తగిలినా ఏమీ కాకూడదు. మంచి సలహానే. దానివల్ల రాయి ఇక తన సంగతి తాను చూసుకుంటే చాలదు. తగలగానే, "బుట్టా, నువు ఇప్పుడు బంగారు బుట్టవా, మామూలు బుట్టవా?" అని అడిగి మరీ ప్రాణం తియ్యాలి. అక్క అదీ రాసింది.

ఇప్పుడు కొత్త తగాదా వచ్చింది. 100 పాయింట్లు వస్తే ఆట గెలిచినట్టు. తమ్ముడికి 99 పాయింట్లు, ఒకటే ప్రాణం ఉన్నాయనుకోండి. ఒక కాయా, ఒక రాయీ సరిగ్గా ఒకే క్షణంలో బుట్టకు తగిలాయి. మనకు అది ఒకే క్షణం. కంప్యూటరు మాత్రం ఒకదాని తరవాత ఒకటిగానే చూస్తుంది. కాయను ముందు చూస్తే గెలుపు, రాయిని ముందు చూస్తే ఓటమి. ఏది ముందు చూడమని చెప్పాలి? ఏ కారణం చేత?

మీరైతే ఏ నియమం పెడతారో ఒక కార్డు మీద రాసి పంపండి. వచ్చిన వాటిలో మంచివి వచ్చే నెల ఈ పేజీలోనే ప్రకటిస్తాం. అక్క ఇంకా ఏ నియమమూ పెట్టలేదు. తమ్ముడు మాత్రం నిన్నటికి 97 దాకా వచ్చాడట.